పితెకూసై తవ్వకాలు – నెస్టర్ పానపాత్ర: ‘వలస’ అన్న మాటకు ఒక పరిశీలన

ప్రాచీన గ్రీకుల ‘కాలనీ’లను గురించి తెలుగులో రాయబూనినవారికి మొదటి చిక్కు ఆ మాటను తెనిగించడంలోనే ఎదురవుతుంది. మన చరిత్ర పాఠ్యగ్రంథాలలో దీనికి ‘వలస రాజ్యం’ అన్న సమాసం స్థిరపడింది. బ్రిటిష్ పాలనానుభవం నుంచి పుట్టిన సమాసం కనుక అందులో పాలకదేశం, పాలితదేశం, సైన్యం, పన్ను అన్నీ ధ్వనిస్తాయి. గ్రీకులు వాడిన మాట ‘అపోయికియా’. ‘ఓయికోస్’ అంటే ఇల్లు. ‘అపో’ దూరాన్ని, విడివడటాన్ని చెప్పే ఉపసర్గ. ఉన్న ఇంటిని విడిచి దూరాన కట్టుకొన్న ఇల్లు అని దాని తాత్పర్యం. ఆంగ్లం ద్వారా మనకు చేరిన ‘కాలనీ’కి మూలమైన లాటిన్ ‘కొలోనియా’ సేద్యం చేయడమనే అర్థం గల ధాతువు నుంచి వచ్చింది. అంటే గ్రీకుల మాటకు ఇల్లు మూలమైతే, రోమనుల మాటకు పొలం మూలం. వీటిలో దేనిలోనూ ‘రాజ్యం’ లేదు. మన పట్టణాలలో ‘కాలనీ’ అంటే కొత్తగా వెలసిన ఇళ్ల సముదాయం. ఏ పండితుడూ పూనుకోకుండానే జనవ్యవహారం గ్రీకు మాటకు ఇంత దగ్గరగా రావడం విశేషం.

ఈ పదచర్చ నిఘంటుకారులకు మాత్రమే పనికివచ్చేది కాదు. ఏ మాట పెట్టుకొని తవ్వకాల నివేదికలను చదువుతామో, ఆ మాటకు తగిన మనుషులే మట్టిలోంచి లేచివస్తారు. ‘వలస రాజ్యం’ అనుకొంటే విజేతలు, స్థానికులు కనిపిస్తారు. ‘వర్తక స్థావరం’ అనుకొంటే బేహారులు కనిపిస్తారు. గ్రీకుల పశ్చిమ నివాసాలలో అతి ప్రాచీనమైనదిగా పేరొందిన పితెకూసై విషయంలో ఇది ఎలా జరిగిందో, అక్కడ దొరికిన మూడు పంక్తుల రాత ఆధారంగా సాహిత్య చరిత్ర ఎంతవరకు మాట్లాడవచ్చునో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పితెకూసై నేటి ఇటలీలో నేపుల్స్ అఖాతం ముఖద్వారాన ఉన్న ఇస్కియా ద్వీపం. ఇది అగ్నిపర్వత ద్వీపం. దాని వాయవ్య కోణంలో లక్కో అమేనో అనే ఊరు, ఆ ఊరిని ఆనుకొని సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన మోంటె డి వీకో అనే గుట్ట ఉన్నాయి. ప్రాచీన నివాసానికి కోట ఆ గుట్ట. దాని పక్కనున్న శాన్ మొంతానో లోయ శ్మశానం. గ్రంథస్థమైన ఆధారాలు స్వల్పం. యూబియా ద్వీపంలోని ఎరెట్రియా, ఖాల్కిస్ పట్టణాలవారు ఇక్కడ స్థిరపడి, భూసారం వల్లా బంగారం వల్లా బాగుపడి, తమలో తాము కలహించుకొని, ఆపైన భూకంపాలకూ అగ్నిపర్వతానికీ జడిసి ద్వీపాన్ని విడిచారని స్ట్రాబో చెబుతాడు. క్యూమే పట్టణంవారు మొదట ఈ దీవిలో దిగి, తరువాత ప్రధాన భూభాగానికి దాటడానికి సాహసించారని లివీ రాశాడు. పేరును గురించి కూడా ప్రాచీనులకు ఏకాభిప్రాయం లేదు. ‘పితెకోస్’ అంటే కోతి కనుక ఇది కోతుల దీవి అన్నారు కొందరు. కాదు, ‘పితోస్’ అనే పెద్ద మట్టి బాన వల్ల ఆ పేరు వచ్చిందన్నాడు ప్లినీ. వ్యుత్పత్తి కోసం కథ అల్లడం, కథను ఖండించడానికి మరో వ్యుత్పత్తి అల్లడం మన స్థలపురాణాలు చదివినవారికి కొత్త కాదు. సిసిలీలోని గ్రీకు నగరాల స్థాపనలను వరుసగా పేర్కొన్న థూసిడిడీస్ పితెకూసైని ప్రస్తావించనే లేదు. స్థాపకుని పేరు ఏ సంప్రదాయంలోనూ నిలవలేదు. క్యూమేకు మాత్రం ఇద్దరు స్థాపకులను స్ట్రాబో పేర్కొన్నాడు. దీని ప్రాముఖ్యం తరువాత తెలుస్తుంది.

శాన్ మొంతానో లోయలో జార్జియో బుక్‌నర్ 1952లో తవ్వకాలు ప్రారంభించాడు. 1961 వరకు తవ్విన సమాధుల వివరాలను అతడు, డేవిడ్ రిడ్జ్‌వే కలిసి ప్రచురించేసరికి 1993 వచ్చింది. ఆ సంపుటాలలో 723 సమాధుల వర్ణన ఉంది. క్రీ.పూ. 8వ శతాబ్దపు గ్రీకు ప్రపంచాన్ని ఇంత దగ్గరగా చూపే శ్మశానాలు అరుదు. పెద్దవారిలో చాలామందిని దహనం చేసి, మిగిలిన ఎముకలనూ బూడిదనూ పాత్రలనూ ఒకచోట చేర్చి, పైన రాళ్ల గుట్ట పేర్చేవారు. పిల్లలను గోతిలో పూడ్చేవారు. శిశువులను పెద్ద కూజాలలో ఉంచి, ఆ కూజాలనే పాతిపెట్టేవారు. నూనె, ద్రాక్షాసవం మోసుకొని సముద్రాలు దాటిన కూజాలకు చివరి ప్రయోజనం అది.

ఈ శ్మశానపు కాలనిర్ణయానికి తోడ్పడిన వస్తువు ఒకటి 325వ సమాధిలో ఒక బిడ్డ వద్ద దొరికింది. అది పేడపురుగు ఆకారంలో చేసిన ఈజిప్టు తాయెత్తు. దానిపై బొక్కోరిస్ అని గ్రీకులు పిలిచిన ఫారో బకెన్‌రెనెఫ్ పేరు ఉంది. అతడు ఏలింది కొద్ది ఏళ్లే, క్రీ.పూ. 720–715 ప్రాంతంలో. తాయెత్తు ఎన్నాళ్లు చేతులు మారిందో కాని, దానితో పాటు పాతిన కొరింథు పాత్రలు ఆ పాలనకు ముందువి కాజాలవు. గ్రీకు కుండల శైలులకు అంకెలు కట్టడంలో ఈ చిన్న వస్తువు మీద పడిన భారం పెద్దది.

168వ సమాధి 1954లో బయటపడింది. అది దహన సంస్కారం జరిగిన సమాధి. చితిలో కాలి పగిలిన పాత్రల ముక్కలలో ద్రాక్షాసవాన్ని నీటితో కలిపే పెద్ద పాత్రలు నాలుగు ఉన్నాయి. ఈ శ్మశానంలో అటువంటి పాత్రలు గల సమాధి మరొకటి లేదు. ఆ ముక్కలలోనే సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు గల, రెండు పిడుల పానపాత్ర ఒకటి. పూర్వం దీన్ని రోడ్స్ ద్వీపపు పనితనం అన్నారు. ఇటీవలి మట్టి పరీక్షలను బట్టి ఆసియా మైనరు తీరంలోని అయోనియా ప్రాంతం వైపు మొగ్గుతున్నారు. మన గ్రంథాలలోని ‘యవన’ శబ్దం ఆ అయోనియా పేరు నుంచే పారసీకం మీదుగా మనదాకా నడిచివచ్చింది. పాత్రను కాల్చిన తరువాత, గట్టిపడిన పూతపై మొనతో గీసి రాసిన మూడు పంక్తులు దానిపై ఉన్నాయి. బుక్‌నర్, కార్లో ఫెడెరికో రూసో కలిసి 1955లో వాటిని ప్రకటించారు. పాత్ర తయారైన చోటు వేరు, రాత రాసిన చోటు వేరు కావచ్చుననేది ఇక్కడ గుర్తుంచుకోవాలి. పాత్ర తూర్పుదైనా, లిపి యూబియావారిది. రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. రాసింది క్రీ.పూ. 8వ శతాబ్దపు చివరి భాగంలో.

ఆ పంక్తుల భావం ఇది: మొదటిది నెస్టర్ పానపాత్రను, తాగడానికి అది ఎంత అనువైనదో ప్రస్తావిస్తుంది. రెండవ, మూడవ పంక్తులు ఈ పాత్రతో తాగినవానిని వెంటనే అఫ్రొడైటీ దేవతకు సంబంధించిన కామం ఆవహిస్తుందని చెబుతాయి. మొదటి పంక్తి మధ్యలో కొన్ని అక్షరాలు పోయాయి. పోయినచోట ‘నేను’ అని పాత్రే పలుకుతున్నదా, ‘ఒకప్పుడు ఉండేది’ అని ఆ పాత పాత్రను తలచుకొని తరువాతి పంక్తిలో ఈ పాత్రతో పోటీ పెడుతున్నదా అన్నది నేటికీ తేలలేదు.

ఛందస్సు దగ్గర తెలుగు పాఠకునికి కొంత సౌకర్యం ఉంది. రెండవ, మూడవ పంక్తులు హోమర్ కావ్యాలలోని షట్పద ఛందస్సులో, అంటే ఆరు గణాల పాదంగా నడుస్తాయి. ఆ గణానికి గ్రీకులు ‘వేలు’ అని పేరు పెట్టారు. ఒక పొడవు కణుపు, రెండు పొట్టి కణుపులు. మన పరిభాషలో చెప్పాలంటే భగణం. మొదటి నాలుగు గణాలలో భగణం స్థానంలో రెండు గురువులు రావచ్చు, ఐదవది సాధారణంగా భగణమే, చివరిది రెండక్షరాల గణం. గురులఘువుల కొలత ఒక్కటే అయినంత మాత్రాన ఆ ఛందస్సుకు, మన వృత్తాలకు చుట్టరికం కలపనక్కరలేదు. కాని గణాన్ని పట్టుకొని లుప్తాక్షరాలను ఊహించే పద్ధతి మాత్రం, పండరంగని అద్దంకి శాసనంలోని తరువోజ మొదలుకొని శాసనపద్యాలతో పరిచయం ఉన్న మన పరిశోధకులకు సుబోధం. మొదటి పంక్తి వచనమా, లగాల నడక గల పాదమా అన్న వివాదం కూడా పోయిన అక్షరాల సంఖ్యపైనే ఆధారపడి ఉంది.

మరొక విశేషానికి మన సాహిత్య చరిత్రకారులు నాకంటె ఎక్కువ విలువ ఇస్తారనుకొంటాను. మన శాసనాలలో పద్యాలు సాధారణంగా పాదవిభజన లేకుండా రాతి వెడల్పును బట్టి సాగిపోతాయి. ఈ చిన్న పాత్ర మీద మాత్రం పాదానికొక పంక్తి ఉంది. పంక్తి లోపల విరామాలకు నిలువుగా రెండు చుక్కలు పెట్టాడు. కుండమీద ఏదో గీసినవాని అలవాటు కాదిది. పద్యాన్ని ఎక్కడో పంక్తులుగా రాసి చూసినవాని అలవాటు. ఆనాటికే తోలు మీదనో, పలక మీదనో గ్రీకు పద్యం రాసే వాడుక ఉండి ఉండవచ్చునని కొందరు పండితులు ఊహించారు. ఊహే కాని, బలమైన ఊహ. ఫినీషియన్ల నుంచి అక్షరాలను గ్రీకులు స్వీకరించి, అచ్చులకు గుర్తులు కల్పించుకొని ఎంతోకాలం కాలేదు. ఆ తొలినాళ్ల రాతలలో సరకుల లెక్కలకన్న పద్యం ముందు కనిపించడం ఆలోచింపజేస్తుంది. ఏథెన్సులో దొరికిన డిపిలాన్ కూజా మీది రాత కూడా పద్యంతోనే మొదలవుతుంది. అది నాట్యపు పోటీలో బహుమతిని గూర్చినది. అయితే లెక్కలు రాసిన తోలు మట్టిలో నిలవదు, కుండపెంకు నిలుస్తుంది. ఈ తారతమ్యాన్ని మరచి, గ్రీకులు పద్యం కోసమే లిపిని తెచ్చుకొన్నారని తేల్చినవారి వాదం నాకు తొందరపాటుగా తోస్తుంది.

ఇక నెస్టర్ ఎవరు? ‘ఇలియడ్’ పదకొండవ సర్గలో వృద్ధ వీరుడు నెస్టర్ పానపాత్ర వర్ణన ఉంది. బంగారు మేకులు తాపిన పాత్ర అది. నాలుగు పిడులు, ప్రతి పిడికీ ఇరువైపులా మేస్తున్న బంగారు గువ్వలు. నిండుగా ఉన్నప్పుడు ఇతరులు ఎత్తడానికి శ్రమపడే దాన్ని ముసలివాడు సునాయాసంగా ఎత్తేవాడట. ఇస్కియా పాత్ర చేతిలో ఇమిడే మట్టి గిన్నె. ఈ వైరుధ్యమే అందులోని చమత్కారమని చాలామంది అభిప్రాయం. ఆ అభిప్రాయం నిజమైతే ఈ మూడు పంక్తులు హోమర్ కావ్యాన్ని ఎరిగిన శ్రోతలకోసం చేసిన పరిహాసం అవుతాయి. ‘ఇలియడ్’ కాలనిర్ణయానికి ఇవి అడుగుసరిహద్దు అవుతాయి. పందెం ఇంత పెద్దది కనుకనే వాదమూ అంత పెద్దది. నెస్టర్ పాత్ర కథ హోమర్‌కు ముందే మౌఖికంగా ప్రచారంలో ఉండి, హోమరూ, ఈ రాతగాడూ వేరువేరుగా దాన్ని అందుకొని ఉండవచ్చు. భారతకథ తెలిసినవాడు నన్నయను చదివే ఉండాలన్న నియమం లేదు కదా. పాత్ర యజమాని పేరే నెస్టర్ కావచ్చునన్న వాదమూ ఉంది. నా దృష్టిలో ఈ చివరి వాదం బలహీనం. సొంతదారు పేరు చెప్పడానికి రెండు ఛందోబద్ధ పాదాలు, దేవత పేరు అక్కరలేదు.

ఈ రాతలోని హాస్యం తెలియడానికి క్యూమేలో దొరికిన ఒక చిన్న నూనె బుడ్డిని పక్కన పెట్టి చూడాలి. అది క్రీ.పూ. 7వ శతాబ్దానిది. తాను తతాయీ అనే ఆమె సొత్తుననీ, తనను దొంగిలించినవాడికి కళ్లు పోతాయనీ ఆ బుడ్డి చెబుతుంది. వస్తువే మాట్లాడటం, ‘ఎవడైతే’ అని మొదలుపెట్టి శాపంతో ముగించడం ఒక మూసగా ఉండేదన్నమాట. మన దానశాసనాల చివర శాపవాక్యాలు చదివినవారు ఆ మూస బిగువును వెంటనే గుర్తిస్తారు. ఇస్కియా రాత అదే మూసలో మొదలై, శాపం రావలసిన చోట వరం తెస్తుంది. ‘ఎవడైతే తాగుతాడో’ అన్నప్పుడు విందులో ఉన్నవాడు ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకోవాలి, వెంటనే నవ్వాలి. కథ ఎరిగిన శ్రోతలు, వాక్యపు మూస ఎరిగిన శ్రోతలు కలిసి కూర్చున్న విందు అది.

ఇంత విందు సామగ్రిగల చితి ఎవరిది అన్న ప్రశ్నకు చాలాకాలం ఒక జవాబు చెలామణి అయింది. పూర్వపు ఎముకల పరిశీలన అది 10–14 ఏళ్ల బాలునిదని చెప్పింది. విందులో కూర్చునే వయసు రాని కొడుకుకు తండ్రి తన విందు పాత్రలనే అర్పించాడన్న కరుణరసాత్మక కథ దానిపై అల్లుకొంది. మన్మథభావపు పద్యానికీ, బాలుని మృతికీ మధ్య ఉన్న వైరుధ్యం మీద అందమైన వ్యాఖ్యానాలు వెలువడ్డాయి. 2021లో మెలానియా జిగాంటే బృందం ఆ కాలిన ఎముకలను స్థూలంగానూ సూక్ష్మదర్శినితోనూ తిరిగి పరీక్షించింది. తేలిందేమంటే, అందులో కనీసం ముగ్గురు మనుషుల ఎముకలు ఉన్నాయి, ఆ ముగ్గురూ వయోజనులు. వాటితో జంతువుల ఎముకలూ కలిసి ఉన్నాయి. బాలుని జాడ లేదు. ఆ ఎముకలు ఒకే చితివో, పక్క సమాధుల నుంచి చేరినవో చెప్పడం కష్టం. బాలుని ఆధారంగా చేసిన సాహిత్య వ్యాఖ్యానమంతా ఒక్క వ్యాసంతో కూలిపోయింది. పద్యం మాత్రం చెక్కుచెదరలేదు. పద్యాన్ని పద్యంగా చదివినవారికి ఈ పరీక్ష వల్ల కలిగిన నష్టం స్వల్పం. సమాధిని పద్యానికి వ్యాఖ్యగా చదివినవారికి నష్టం ఎక్కువ.

వస్తువు నుంచి మనిషికి వెళ్లే దారిలో ఇటువంటి జారుడు ఈ తవ్వకాలలో మరొకచోటా ఉంది. సమాధులలో దొరికిన బట్టల పిన్నులు ఎక్కువగా ఇటలీ భూభాగపు రకాలు. కనుక వచ్చిన గ్రీకులు పురుషులనీ, వారు స్థానిక స్త్రీలను పెళ్లాడారనీ బుక్‌నర్ అన్నాడు. కాని అదే ద్వీపంలో మజ్జోలా అనే చోట బయటపడిన లోహకారుల వాడలో, పోతలో లోపం వచ్చి పక్కన పడేసిన పిన్ను ఒకటి దొరికింది. అంటే ఆ రకం పిన్నులను పితెకూసైలోనే పోతపోసేవారు. దీవిలో తయారైన పిన్నును దీవిలో ఎవరైనా కొనుక్కోవచ్చు. పిన్నును బట్టి పెట్టుకొన్నవారి పుట్టింటిని చెప్పలేం. స్థానిక స్త్రీలు లేరని దీని అర్థం కాదు. ఉన్నారనడానికి పిన్ను చాలదని మాత్రమే.

మజ్జోలా వాడను గురించి కొంత ఎక్కువ చెప్పాలి. కొలిమి చిట్టెం, ఇనుము, కంచు, సీసం ముక్కలు అక్కడ దొరికాయి. కంచు కట్టు వేసిన సీసపు తూకం బిళ్ల ఒకటి 8.79 గ్రాములు తూగింది. ఇది యూబియావారి తూనిక ప్రమాణానికి చాలా దగ్గర. లోహాన్ని కరిగించేవారే విలువైన లోహాన్ని తూచేవారు కూడా అయి ఉండాలి. గుట్టమీది చెత్త పోగులో ఎల్బా ద్వీపపు ఇనుప ఖనిజం దొరికింది. ఎల్బా ఉత్తరాన ఎట్రుస్కన్ల ప్రాంతానికి ఎదురుగా ఉంది. సేద్యానికి మైదానం లేని ఈ దీవిని యూబియావారు ఎందుకు ఎంచుకొన్నారన్న ప్రశ్నకు ఖనిజం ఒక జవాబు. ఒకే జవాబు కాదు.

యూబియావారు మాత్రమే ఇక్కడ ఉన్నారనడానికీ వీలు లేదు. ఒక శిశువును పాతిన కూజామీద సెమిటిక్ లిపిలో గీసిన గుర్తులున్నాయి. తన సరకు కూజాను గ్రీకుకు అమ్మిన ఫినీషియనుడు రాసి ఉంటాడనవచ్చు. కాని ఆ గుర్తులలో ఒకటి సమాధికి సంబంధించిన సంకేతంలా ఉందని చూసినవారన్నారు. తల్లిదండ్రులలో ఒకరైనా తూర్పు తీరంవారై ఉంటారన్నది రిడ్జ్‌వే అభిప్రాయం. గ్రీకులు అక్షరాలు నేర్చుకొన్నది ఇటువంటి పొరుగువారి నుంచేననుకొంటే, ఆ పాఠం ఏ రాజాస్థానంలోనో జరిగిందనుకోనక్కరలేదు. ఒకే వీధిలో రెండు లిపులు తెలిసినవారు, రెండు భాషలు మాట్లాడే పిల్లలు ఉన్న ఊరిని ఊహించుకొంటే చాలు.

సముద్ర ప్రయాణపు వెల ఏమిటో శ్మశానంలోనే దొరికిన మరొక పాత్ర చూపుతుంది. దీవిలోనే తయారైన ఈ పెద్ద పాత్ర మీద తలకిందులైన ఓడ, చుట్టూ చేపలు, నీళ్లలో మనుషులు ఉన్నారు. ఒకని తల పెద్ద చేప నోట్లో ఉంది. ‘ఒడిస్సీ’లో ఓడ మునిగే ఘట్టంతో దీన్ని ముడిపెట్టినవారున్నారు. తమ ఊరివాళ్లు ఏటా సముద్రంలో పోతుండగా, ఆ చిత్రం గీయడానికి చిత్రకారునికి కావ్యమెందుకు?

ఇప్పుడు మాట దగ్గరకు తిరిగి రావచ్చు. గ్రీకు నివాసాలను ‘కాలనీ’లనడం సరికాదని మోజెస్ ఫిన్లే 1976లో వాదించాడు. రాబిన్ ఆస్బోర్న్ 1998లో ఇంకా ముందుకు వెళ్లి, ఆది గ్రీకు చరిత్ర పుస్తకాల నుంచి ‘గ్రీకుల వలసస్థాపన’ అన్న అధ్యాయాన్నే తీసివేయాలన్నాడు. పితెకూసైకి ఆ మాట సరిపోతుంది. స్థాపకుడు లేడు, మాతృనగరం ఒకటి కాదు, జనం ఒక జాతివారు కారు. కాని సిసిలీలోని మెగారా హిబ్లాయియాలో ఫ్రెంచివారి తవ్వకాలు వేరే చిత్రం చూపాయి. ఊరు వెలసిన తొలితరాలలోనే వీధుల వరుసలు తీర్చి, నడుమ ఖాళీ ఉంచారు. ఆ ఖాళీయే తరువాత సభాస్థలం అయింది. ఇళ్ల స్థలాలను పంచే అధికారం ఎవరికో ఉంటే తప్ప ఇది సాధ్యం కాదు. అటువంటి చోట ‘స్థాపన’ అన్న మాటను వదులుకోవడం తగదు. ఆస్బోర్న్ సూచన ఆరోగ్యకరమైనదే అయినా, అన్ని ఊళ్లకూ ఒకే మందు కాలేదు.

తెలుగులో దీనికి ఏ మాట వాడాలి? ‘వలస రాజ్యం’ నుంచి ‘రాజ్యం’ తీసివేస్తే మిగిలే ‘వలస’ మనకు చాలా కాలంగా తెలిసిన మాట. కరవు వచ్చినప్పుడూ, దండు వచ్చినప్పుడూ, బతుకుతెరువు కోసమూ ఊరు విడిచి వెళ్లడాన్ని అది చెబుతుంది. వెళ్లినచోట ఎవరిని ఎవరు ఏలారన్న ప్రశ్నను ముందే తేల్చదు. స్థాపన నిరూపితమైన చోట ‘వలస నగరం’ అనీ, పితెకూసై వంటి చోట ‘వలస ఊరు’ అనీ వాడవచ్చునని నా ప్రతిపాదన. శాస్త్రపరిభాషకు ‘ఊరు’ తేలిక అని అభ్యంతరం రావచ్చు. ‘ఓయికోస్’ అంతకంటె బరువైనదేమీ కాదు.

పితెకూసై ప్రాభవం రెండు తరాలలోనే తగ్గింది. ఎదుటి తీరాన క్యూమే పెరిగింది. యూబియావారి లిపి ఆ తీరం నుంచి ఎట్రుస్కన్లకు, వారి ద్వారా లాటిన్‌కు చేరింది. మార్సిలియానా దల్బేన్యాలో ఒక సమాధిలో దొరికిన చిన్న దంతపు రాతపలక అంచున 26 అక్షరాలు కుడి నుంచి ఎడమకు వరుసగా చెక్కి ఉన్నాయి. అది ఎట్రుస్కన్ పిల్లవాడికో, లేఖకునికో మాతృక అయి ఉండాలి. ఎట్రుస్కన్ భాషలో పలుకే లేని బ, ద, ఒ ధ్వనుల అక్షరాలు కూడా ఆ వరుసలో తమ తమ స్థానాలలో ఉన్నాయి. మన వర్ణమాలలో ఌ, ౡలు నిలిచి ఉన్నట్టే, నేర్చుకొన్న క్రమాన్ని వాళ్లూ చెడగొట్టలేదు.